ముందు బానెట్ కింది సంచి

మొన్న శనివారం కాలిఫోర్నియాలో 395 హైవే మీద లోన్ పైన్ ఊరు దాటి ఉత్తరంగా పోతుంటే బ్యాటరీ లైటు వెలిగింది. నాది 1983 నాటి పోర్షా 911, గాలితో చల్లబడే ఇంజిన్. ఫ్యాన్‌నీ, దాని మధ్యలో కూర్చుని బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌నీ తిప్పేది ఒకటే బెల్టు. అది తెగితే ఛార్జింగ్ పోవడం చిన్న సంగతి, ఇంజిన్‌ని చల్లబరిచే గాలే అందదు.

"బ్యాటరీయే కదా, ఊరిదాకా లాగించెయ్ బావా" అన్నాడు బామ్మర్ది. వెంటనే పక్కకి తీసి ఆపేశాను.

తప్పు నాదే. బెల్టు అంచులు పీచులు లేచాయని తెలిసీ వచ్చే నెల మారుద్దాంలే అనుకున్నా.

ముందు బానెట్ కింది సంచిలో కొత్త బెల్టు, 24 సైజు సాకెట్, పుల్లీ తిరగకుండా పట్టుకునే స్పానర్ ఉన్నాయి. బెల్టు బిగువంతా షిమ్‌ల దగ్గరే. పల్చటి వాషర్ల లాంటివి. పుల్లీ రెండు ముక్కల మధ్య వాటిని తగ్గిస్తే బెల్టు బిగుస్తుంది, పెంచితే వదులవుతుంది. తీసినవాటిని పారేయకుండా బయటివైపు నట్టు కింద దాచాలి. బొటనవేలితో నొక్కితే సెంటీమీటరు పైచిలుకు దిగేదాకా మూడుసార్లు విప్పి బిగించాను. ఇంజిన్ చల్లారడానికి పట్టిన ముప్పావు గంట వేరే.

గ్లవ్స్ మాత్రం మర్చిపోయా. గోళ్ళలో మసి ఇంకా వదల్లేదు.

బిషప్ ఊళ్ళో ఆగి చూస్తే కొత్త బెల్టు అప్పుడే కాస్త సాగింది. ఇంకో షిమ్ బయటికి మార్చా. ఈసారి సాకెట్ అందించింది బామ్మర్దే.