గురుగ్రామ్‌లో తపసి చెట్టు

గురు ద్రోణాచార్య మెట్రో దిగగానే ఆటో అతను పార్కు గేటుకి నూట యాభై అడిగాడు. నడిచి వెళ్లగలిగే దూరానికి అంత ఎందుకని నడిచే వెళ్లాను. జూలై ఆదివారం, రాత్రి కురిసిన వానకి నేల మెత్తబడి ఉంది. గేటు లోపల అప్పటికే పిల్లాపెద్దా చేరారు. ఆరావళి బయోడైవర్సిటీ పార్కులో వానాకాలం వస్తే మొక్కలు నాటడానికి ఊళ్లోవాళ్లు వస్తారు.

ఇప్పుడు అడవిలా కనిపిస్తున్న ఈ 390 ఎకరాల చోటు ఒకప్పుడు రాతి క్వారీ. 2010 నుంచి ‘ఐ యామ్ గుర్గావ్’ అనే పౌరుల బృందం, నగరపాలక సంస్థ కలిసి దీన్ని మళ్లీ అడవిగా మలిచాయి. ఏ చెట్టు ఎక్కడ పెరగాలన్న రూపకల్పన పర్యావరణ పునరుద్ధరణ నిపుణుడు విజయ్ ధస్మానాది. 2022 ఫిబ్రవరి 2న దేశంలోనే మొదటి ‘ఓఈసీఎం’గా, అంటే అభయారణ్యం కాకపోయినా జీవవైవిధ్యాన్ని నిలబెడుతున్న చోటుగా, దీనికి గుర్తింపు వచ్చింది.

నన్ను ఆపేసింది మాత్రం తెల్లగా, కాగితంలా పొరలు రేగిన బెరడుతో రాతి మీద నిలబడ్డ ఒక చెట్టు. అక్కడివాళ్లు కుల్లు అంటారు. అది మన తపసి! మన ఏజెన్సీ కొండల్లో బంక తీసే చెట్టే. గొడ్డలితో లోతుగా గాట్లు పెట్టి, గాయం మానేలోపే మళ్లీ కోసి, మన దగ్గర ఎన్ని తపసి మానులు చచ్చాయో గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. దీని కాయల మీద గుచ్చుకునే నూగు ఉంటుంది, తొడుగు లేకుండా ఏరితే చేతులు మండిపోతాయి. లేత మొక్కకి వేరు ముల్లంగిలా లావెక్కి నీళ్లు దాచుకుంటుంది. అందుకే మట్టి లేని రాతి పగులులో బతుకుతుంది, రోజూ నీళ్లు పోసి గారాబం చేస్తే కుళ్లుతుంది.

నర్సరీలో మరో సంగతి తెలిసింది. ఈ కొండల అసలు చెట్టు ధౌ, మన చిరుమానుకి దగ్గరి చుట్టం. దాని గింజల్లో చాలావరకు తాలే. పిడికెడు చల్లితే నాలుగు మొలుస్తాయేమో. అందుకని తట్టల్లో ఒత్తుగా చల్లి, మొలిచినవాటిని విడదీసి సంచుల్లో పెట్టాలి. మోదుగది ఇంకో తంతు. కాయ చివర ఒక్కటే గింజ, అది కూడా తాజాగా ఉన్నప్పుడే వెయ్యాలి, వచ్చే ఏటికని దాస్తే మొలవదు. దుకాణంలో కొనుక్కొచ్చే మొక్కలతో ఇలాంటి అడవి రాదు. హైదరాబాద్‌లో రోడ్ల మధ్య కోనోకార్పస్ అనే విదేశీ చెట్లు నింపి, తర్వాత వద్దనుకున్నాం కదా, త్వరగా పచ్చగా కనబడాలన్న ఆత్రమే అక్కడ మనల్ని ముంచింది.

నాటడం సులువనుకుంటారు, తప్పులన్నీ అక్కడే జరుగుతాయి. నాతో ఉన్న గుంపులో ఒకాయన మొక్కని జానెడు లోతుకి దించి మట్టి కప్పేశాడు. మాలీ వచ్చి మళ్లీ తవ్వించాడు. సంచిలో మట్టి ఎంత ఎత్తున ఉందో గుంటలోనూ అంతే ఉండాలి, కాండం మొదలు మట్టిలో మునిగితే కుళ్లు పడుతుంది. సంచిని ముందు తడపాలి, బ్లేడుతో పక్కన చీల్చాలి, కాండం పట్టి లాగకూడదు. అడుగున వేరు చుట్టలు చుట్టుకుని ఉంటే ఆ చుట్టని కత్తిరించాలి. కత్తిరించకుండా అలాగే పాతితే రెండు మూడేళ్లు బాగానే పెరిగి, గాలికి ఒరుగుతుంది. పచ్చి పేడ వేస్తే చెదలు పిలిచినట్టే. మట్టి తొక్కి గాలి ఖాళీలు పోగొట్టాక, వాలుకి దిగువ వైపు అర్ధచంద్రాకారంలో గట్టు కట్టి, కోసిన గడ్డి పరిచాం. వాన నీరు జారిపోకుండా మొక్క మొదట్లో నిలవాలంటే గట్టు ఎప్పుడూ దిగువనే ఉండాలి. చివర్లో ఖాళీ సంచులన్నీ లెక్కపెట్టి వెనక్కి తీసుకున్నారు.

ఒక అంచున సర్కారు తుమ్మ కనిపించింది, ఇక్కడ విలాయతీ కీకర్ అంటారు. ప్రకాశం వైపు బొగ్గు బట్టీలు చూసినవాళ్లకి దీని మొండితనం చెప్పక్కర్లేదు. నేలకి పైన నరికితే ఒక మొద్దుకి పది పిలకలు లేస్తాయి. మొగ్గలుండే మొదలుని మట్టి తవ్వి, నేల లోపల నుంచి తీస్తేనే తిరిగి రాదు. ఒక్కసారిగా అంతా కొట్టెయ్యడమూ తప్పే, నీడ పోయి ఎండ కొట్టిన నేలలో మళ్లీ దాని గింజలే లేస్తాయి. కొమ్మలు పలచన చేసి, కింద చండ్ర, తెల్లతుమ్మ పెంచి, అవి తలెత్తాక పెద్ద మానుని తీయాలి.

ఢిల్లీ వైపు ఉన్న మనవాళ్లు వెళ్లదలిస్తే పొద్దున్నే వెళ్లండి. పూర్తి చేతుల చొక్కా, బూట్లు, నీళ్ల సీసా ఉండాలి. నాటే రోజుకి జనం బాగానే వస్తారు. వాన తగ్గాక మొక్క చుట్టూ గడ్డి కోయడానికి, వేసవిలో నీళ్లు పోయడానికి, అదీ రెండు మూడేళ్లు, మనుషులు చాలరు. వీలైతే ఆ రోజుల్లో వెళ్లండి.