అన్నయ్య విండోస్ జోలికి పోకుండా పక్క డిస్క్‌లో లినక్స్

డ్యూయల్ బూట్, అంటే ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ పెట్టుకోవడం గురించి అడిగేవాళ్లకి నేను ముందు చెప్పేది ఒకటే, డిస్కులు రెండున్నంత మాత్రాన సిస్టమ్‌లు రెండూ విడిపోయినట్టు కాదు. లినక్స్ మొత్తం కొత్త ఎస్‌ఎస్‌డీలోకే వెళ్తుంది, నిజమే, కానీ దాన్ని లేపే బూట్‌లోడర్ మాత్రం చడీచప్పుడు లేకుండా పాత డిస్క్‌లో విండోస్ బూట్ ఫైళ్లు ఉండే చిన్న పార్టిషన్‌లోకి వెళ్లి కూర్చోవచ్చు. దాన్నే ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అంటారు, ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటుంది, విండోస్ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు తనంతట తనే మామూలుగా 100 ఎంబీలో చేసుకుంటుంది. ఉబుంటు పాత ఇన్‌స్టాలర్‌లో అయితే బూట్‌లోడర్ ఏ డిస్క్‌లో పెట్టాలో మనం సెలెక్ట్ చేసినా సరే, అది పట్టించుకోకుండా ముందు కనబడ్డ ఈఎఫ్ఐ పార్టిషన్‌లోనే పెట్టేసేది, ఆ బగ్ ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. పైకి ఏమీ తెలీదు, రెండూ బాగానే బూట్ అవుతుంటాయి. విండోస్ డిస్క్ పాడైన రోజో, ఎవరైనా దాన్ని ఫార్మాట్ కొట్టిన రోజో లినక్స్ కూడా లేవదు. మరి డబ్బులు పెట్టి వేరే డిస్క్ కొన్నది ఎందుకు?

మా ఇంట్లో ఇది ఇంకా సీరియస్ విషయం, ఎందుకంటే మెషిన్ అన్నయ్యది, ఆయన డీటీపీ చేస్తాడు, పెళ్లి కార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీలు. పేజీలు డిజైన్ చేసే, 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7, దానికి తోడు తెలుగు టైపింగ్‌కి అను స్క్రిప్ట్ మేనేజర్, ఈ జోడీ మీద ఇప్పటికీ నడుస్తున్న తెలుగు డీటీపీ షాపులు చాలా ఉన్నాయి, అవి రెండూ విండోస్‌వే. లినక్స్‌లో వైన్ (విండోస్ ప్రోగ్రామ్‌లని లినక్స్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి నడిపించొచ్చు కదా అంటారు కొందరు, పొద్దున్నే ప్రూఫ్ ఇవ్వాల్సిన మనిషి సిస్టమ్ మీద అలాంటి ప్రయోగాలు నేను చెయ్యను. పైగా అను ఫాంట్లలో కొట్టిన మేటర్ యూనికోడ్ కాదు, ఆ ఫాంట్ లేనిచోట ఓపెన్ చేస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. కాబట్టి విండోస్ ఉండాల్సిందే. రాత్రిపూట షాపు పని అయ్యాక నాకు లినక్స్ కావాలి, అన్నయ్య ఒప్పుకున్నాడు కానీ ఒక షరతు పెట్టాడు, "ఒరే, నువ్వేం పెట్టుకుంటావో పెట్టుకో, నా డిస్క్ జోలికి మాత్రం రాకు, ముహూర్తాల సీజన్‌లో ఉన్నాం" అని. ఆ మాట నిలబెట్టాలంటే ఇన్‌స్టాల్ జరిగేంతసేపూ ఆయన డిస్క్ మెషిన్‌కి కనబడకుండా ఉండాలి, ఇంతకన్నా గట్టి పద్ధతి నాకు తెలిసి లేదు. (డేటా బ్యాకప్ మాత్రం ముందే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి తీసేశాం, అది ఎలాగూ చెయ్యాల్సిందే.)

డెస్క్‌టాప్ కాబట్టి పని తేలిక. షట్‌డౌన్ చేసి, వెనక పవర్ కార్డ్ పీకేసి, క్యాబినెట్ పక్క డోర్ స్క్రూలు విప్పాక లోపల అన్నయ్య ఎస్‌ఎస్‌డీకి రెండు కేబుళ్లు కనిపిస్తాయి, వెడల్పుగా ఉన్నది పవర్, సన్నగా ఉన్నది శాటా డేటా కేబుల్. తియ్యాల్సింది ఆ సన్నది. దాని కొనకి చిన్న ఇనప క్లిప్ ఉంటుంది, బొటనవేలితో దాన్ని లోపలికి నొక్కిపట్టి తిన్నగా లాగాలి, పక్కకి వంచితే ఎస్‌ఎస్‌డీ వైపు ఉండే ఎల్ ఆకారం ప్లాస్టిక్ ముక్క విరిగిపోతుంది, అది విరిగితే డిస్క్ బాగున్నా కనెక్షన్ నిలవదు. కొత్త ఎస్‌ఎస్‌డీకి వేరే శాటా కేబుల్ పెట్టి మదర్‌బోర్డ్ మీద ఇంకో పోర్టుకి గుచ్చాను. ఎన్‌వీఎంఈ (నేరుగా మదర్‌బోర్డ్‌లోకే గుచ్చే ఎస్‌ఎస్‌డీ) అయితే కేబుల్ గొడవ ఉండదు, ఒక్క స్క్రూ విప్పి డిస్క్‌నే బయటికి తియ్యాలి, కాకపోతే ఆ స్క్రూ చాలా చిన్నది, విప్పగానే ఒక గిన్నెలో వేసుకోండి.

తర్వాత లినక్స్ ఇన్‌స్టాలర్ ఉన్న పెన్‌డ్రైవ్ నుంచి బూట్. ఇక్కడొకటి చూసుకోవాలి, బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ ఒక్కోసారి రెండుసార్లు కనిపిస్తుంది, ఒకదాని ముందు యూఈఎఫ్ఐ (కొత్త బూట్ పద్ధతి) అని ఉంటుంది, అదే సెలెక్ట్ చెయ్యాలి. రెండోది పట్టుకుంటే లినక్స్ పాత బయాస్ పద్ధతిలో ఇన్‌స్టాల్ అవుతుంది, విండోస్ యూఈఎఫ్ఐలో ఉంటుంది, ఇక రెండింటికీ పొత్తు కుదరదు. నేను పెట్టింది లినక్స్ మింట్ 22. ఇన్‌స్టాలర్‌లో అందరూ భయపడే "డిస్క్ మొత్తం ఎరేస్ చేసి ఇన్‌స్టాల్ చెయ్యి" అనే ఆప్షన్ ఉంటుంది కదా, నేను ధైర్యంగా అదే కొట్టాను, మెషిన్‌లో ఉన్నదే ఒక్క డిస్క్, అదీ ఖాళీది. కొత్త డిస్క్‌లో సొంత ఈఎఫ్ఐ పార్టిషన్ తయారైంది, బూట్‌లోడర్ అందులోనే కూర్చుంది, ఇంకెక్కడికీ పోయే దారే లేదు.

అయ్యాక అన్నయ్య డిస్క్ కేబుల్ మళ్లీ పెట్టేసి బయాస్‌లో, అంటే మదర్‌బోర్డ్ సెట్టింగ్స్‌లో బూట్ ఆర్డర్ చూశాను. చాలామంది లినక్స్ బూట్‌లోడర్ అయిన గ్రబ్ మెనూని ముందు పెట్టి అందులో విండోస్‌ని కూడా చేరుస్తారు, గ్రబ్ 2.06 నుంచి వేరే సిస్టమ్‌లని వెతికే పని డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంది కాబట్టి కొన్ని డిస్ట్రోల్లో (లినక్స్ రకాల్లో) అది మనమే ఆన్ చేసుకోవాలి. నాకు ఆ పద్ధతి నచ్చదు. అన్నయ్య పొద్దున్నే పవర్ బటన్ నొక్కితే మధ్యలో ఏ మెనూ రాకుండా తిన్నగా విండోస్ రావాలి, అందుకే విండోస్‌నే ఫస్ట్ పెట్టాను. నాకు కావాల్సినప్పుడు ఆన్ చెయ్యగానే ఎఫ్12 కొట్టి లినక్స్ డిస్క్ సెలెక్ట్ చేసుకుంటాను, కంపెనీని బట్టి ఆ కీ మారుతుంది, ఎఫ్8, ఎఫ్9, ఎఫ్11 కూడా ఉంటాయి. విండోస్‌లో పెద్ద అప్‌డేట్ వచ్చి బూట్ ఆర్డర్‌లో తనని తాను ముందుకి జరుపుకున్నా మాకు తేడా ఏమీ ఉండదు, అది ఎలాగూ ముందే ఉంది.

టైమ్ సంగతి కూడా చూసుకోండి. మదర్‌బోర్డ్ గడియారంలో విండోస్ మన లోకల్ టైమ్ రాస్తుంది, లినక్స్ యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక సమయం) రాస్తుంది, అందుకే రాత్రి లినక్స్ వాడి పొద్దున విండోస్ ఆన్ చేస్తే టైమ్ సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి ఉంటుంది. విండోస్ రిజిస్ట్రీలో (దాని సెట్టింగ్స్ దాచుకునే చోట) మార్చమని ఎక్కువమంది చెప్తారు, కానీ అన్నయ్య వైపు ఏదీ మార్చకూడదు కాబట్టి నేను లినక్స్‌కే లోకల్ టైమ్ వాడమని చెప్పాను, టైమ్‌డేట్‌సీటీఎల్‌తో ఒక్క కమాండ్ చాలు. ఇలా చేస్తే లినక్స్ వార్నింగ్ ఇస్తుంది, ఎండాకాలం, చలికాలం గడియారం ముందుకీ వెనక్కీ జరిపే దేశాల్లో ఇది నిజంగానే ఇబ్బంది పెడుతుంది, మనకి ఆ పద్ధతే లేదు, కాబట్టి ఇండియాలో ఉన్నవాళ్లు నిశ్చింతగా చేసుకోవచ్చు. అదే అమెరికాలో ఉన్న మనవాళ్లయితే రిజిస్ట్రీ పద్ధతికే వెళ్లండి.

లినక్స్ నుంచి విండోస్ డ్రైవ్‌లో ఫైళ్లు మార్చాలనుకుంటే మాత్రం విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసెయ్యాలి, అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది, ఆ టైమ్‌లో బయటి నుంచి ఆ డ్రైవ్‌లో రాస్తే డేటా పాడయ్యే ప్రమాదం ఉంది. నేను అసలు లినక్స్‌లో అన్నయ్య డ్రైవ్ మౌంట్ చెయ్యను, అంటే ఓపెన్ చెయ్యను, ఇద్దరికీ కావాల్సిన ఫైళ్లు రెండు సిస్టమ్‌లూ చదివే ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ పెన్‌డ్రైవ్‌లో తిరుగుతాయి.

విండోస్ 11 ఉన్నవాళ్లు ఏదీ ముట్టుకునే ముందు బిట్‌లాకర్ (డ్రైవ్‌కి తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్) చూసుకోండి. 24హెచ్2 వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన చాలా మెషిన్లలో డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతోంది, తర్వాత మీరు బయాస్‌లో సెక్యూర్ బూట్ సెట్టింగ్ మార్చారంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, అది లేకపోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే. ఆ కీ మీ అకౌంట్‌లో సేవ్ అయ్యి ఉంటుంది, ముందే ఓపెన్ చేసి కాగితం మీద రాసి పెట్టుకోండి, ఆ మెషిన్‌లోనే ఫైల్‌గా సేవ్ చేస్తే అది లాక్ అయినప్పుడు పనికిరాదు.

ల్యాప్‌టాప్‌లో రెండో స్లాట్ ఉంటే ఇదంతా అలాగే వర్తిస్తుంది. కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఇన్‌స్టాలర్‌కి డిస్కే కనబడదు, బయాస్‌లో వీఎండీ లేదా ఆర్‌ఎస్‌టీ (డిస్కులని నడిపే ఇంటెల్ పద్ధతులు) ఆన్‌లో ఉండటం వల్ల అలా అవుతుంది, దాన్ని మామూలు ఏహెచ్‌సీఐ మోడ్‌కి మార్చాలి, కానీ ఊరికే మార్చేస్తే విండోస్ బూట్ అవదు, ముందు విండోస్‌లో సేఫ్ మోడ్ సెట్ చేసి, రీస్టార్ట్‌లో బయాస్ మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లోకి వెళ్లాక మళ్లీ మామూలు మోడ్‌కి రావాలి.