ఖిల్లా వదిలి కల్లు మండువ దాకా

దేవరకొండలో మెటల్ డిటెక్టర్ చేతబట్టుకొని బస్సు దిగిన మనిషికి ఊరంతా చూపించే చోటు ఒక్కటే, ఖిల్లా. ఆటో అతను నా సంచిలోంచి పొడుచుకొచ్చిన కడ్డీని చూసి, ఏమీ అడగకుండానే బండిని కొండ దారి పట్టించబోయాడు. పాత పైసలు వెతకడానికి నాకు కావలసింది ఒకప్పుడు అంగడి, అంటే సంత, జరిగిన ఊరని చెబితే, "ఆడ ఏముంటది సారూ, నిధులన్నీ ఖిల్లా మీదనే ఉంటయి" అని నవ్వి, రానుపోను ఆరు వందలు అడిగాడు. మల్లేపల్లి నుంచి ఇక్కడిదాకా బస్సులో నిలబడి వచ్చిన ఒళ్లునొప్పులకు తోడు ఆ ధర వినగానే చిరాకెత్తింది. నాలుగు వందలకు బేరం కుదిరినా, దారి పొడవునా అతని చూపు నా సంచిమీదే ఉంది.

రేచర్ల వెలమ రాజుల ఆ కోట మీద నాకు గౌరవమే గాని, డిటెక్టర్‌తో అక్కడికి పోయే ఆలోచన ఎన్నడూ లేదు. రక్షిత కట్టడాల్లో అనుమతి లేకుండా తవ్వడం నేరం. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాలకైతే చుట్టూ వంద మీటర్ల నిషేధిత ప్రాంతం, దాని తర్వాత మరో రెండు వందల మీటర్ల నియంత్రిత ప్రాంతం కూడా ఉంటాయి. చట్టం మాట అటుంచినా, 2024లో ఫణిగిరి బౌద్ధ క్షేత్రంలో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాల్లో ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు బయటపడినప్పుడు, వాటి విలువంతా అవి ఏ పొరలో, ఏ గోడ పక్కన, ఏ పెంకులతో కలిసి ఉన్నాయన్నదాంట్లోనే ఉంది. నాబోటివాడు రాత్రిపూట గునపంతో వాటిని పెకలించి ఉంటే మిగిలేది సీసం మాత్రమే. గుప్తనిధుల పేరుతో గుళ్లలో నంది విగ్రహాల కింద గోతులు తీసే ముఠాల పుణ్యమా అని, ఈ ప్రాంతంలో డిటెక్టర్ పట్టిన ప్రతివాడూ దొంగగానే కనిపిస్తున్నాడు.

అసలు ఈ పనిముట్టుకు కోటలు పనికిరావు కూడా. నావంటి చిన్న యంత్రం ఒంటరి నాణేన్ని జానెడు లోతులో పసిగడితే గొప్ప, అంతకు మించి లోతున ఉన్నది దానికి లేనట్టే. కాబట్టి వెతకవలసింది దాచిన సొమ్మును కాదు, జారిపోయిన సొమ్మును. మనుషులు గుంపుగా చేరి, కూర్చొని లేచి, డబ్బు చేతులు మార్చుకొని, ఆ తర్వాత ఆ చోటును వదిలేసి ఉండాలి. దానిమీద కాంక్రీటు పడకుండా ఉండాలి. ఇంకా ముఖ్యంగా అది ఒక పట్టాదారు భూమై, ఆయన సరేననాలి. మా అమ్మమ్మ మిర్యాలగూడ వైపు అంగడికి పోయినప్పుడు పైసలు కొంగుముడిలో కట్టుకునేది. మిరపకాయల కుప్ప ముందు గొంతుక్కూర్చొని పంటితో ఆ ముడి విప్పేటప్పుడు ఒకటో రెండో దుమ్ములోకి జారేవి, అవి వెతికే పని నాది. అన్నీ దొరికేవి కావు. చోటును ఎంచుకునేటప్పుడు నాకు ఏ పటమూ ఆ జ్ఞాపకమంత సాయం చేయలేదు.

ఊరి పేరు రాయను. రాస్తే వచ్చేవారం గునపాలు దిగుతాయి. తొలకరి పడి, దుక్కులు దున్ని, పత్తి గింజలు ఇంకా పెట్టని ఆ నాలుగు రోజుల కోసమే ఈ ప్రయాణం పెట్టుకున్నాను. వేసవిలో చెలక నేల గునపానికి కూడా లొంగదు. పదును మీదున్న మట్టిలో యంత్రం కాస్త లోతుకు వింటుంది, తవ్విన గుంత మళ్లీ పూడిస్తే ఆనవాలు మిగలదు. అయితే ఎర్రమట్టిలో ఇనుము పాలు ఎక్కువ కనుక, యంత్రాన్ని నేలకు సరిచూసుకోకపోతే అది ఊరికే గుర్రుమంటూనే ఉంటుంది. బోరు మోటారు తీగల దగ్గరా అదే గోల.

అంగడి ఎత్తేసి చాలా కాలమైందట. పొలం యజమాని గట్టు మీద తుమ్మచెట్టు కింద కూర్చొని, మొదట వాటా సంగతి తేల్చమన్నాడు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలనీ, హక్కుదారులెవరూ లేకుంటే, ముందస్తు ఒప్పందమేదీ లేనప్పుడు, దొరికించుకున్నవాడికి నాలుగింట మూడు వంతులు, భూయజమానికి మిగిలిన ఒక వంతు అనీ చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "గంత కథ ఉంటే నాకేమొద్దు గాని, గుంతలు పూడ్సిపో" అన్నాడు.

మొదటి గంట చెత్తతోనే సరిపోయింది. గుట్కా పొట్లాల రేకులు, బీరు సీసాల మూతలు, పత్తి మందు డబ్బాల సీళ్లు. విసుగొచ్చి ఇనుప శబ్దాలను కూడా తవ్వడం మొదలుపెడితే, ఒకే మూలన వరుసగా ఎద్దుల నాడాలు బయటపడ్డాయి. అరచేతిలో సగం పట్టే అర్ధచంద్రాకారపు బిళ్లలు, తుప్పులోనూ మేకుల బెజ్జాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. చాలామంది ఇనుమును యంత్రం వినకుండా మీట నొక్కేస్తారు. అది చేసి ఉంటే ఇక్కడ బండ్లు ఇడిసేవారన్న సంగతే తెలిసేది కాదు.

అప్పుడే మేకలు తోలుకుంటూ ఒక పెద్దాయన వచ్చి, చేతికర్ర మీద గడ్డం ఆనించి చాలాసేపు చూశాడు. ఆయనొక్కడే ఖిల్లా మాట ఎత్తలేదు.

"ఏం దేవులాడుతున్నవ్ బిడ్డా?"

"పాత పైసలు తాతా. అంగట్ల కింద పడ్డయి."

"గట్లయితే బండ్ల కాడ ఎందుకు? ఎడ్లకాడ పైసలెవడు తీస్తడు? ఎడ్ల బేరం తువ్వాల కింద వేళ్లు పట్టి జేస్తరు, పైసలు లెక్కవెట్టేది కల్లు మండువల గూసున్నంక. తాగినోని రొండిల పైస నిలుస్తదా?"

మండువ, అంటే జనం కూర్చొని కల్లు తాగే చోటు, ఎక్కడుండేదో ఆయనే నడిచి చూపించాడు. బండ్ల మూలకు ఎగువన, మూడు ఈత మోడులు మిగిలిన గట్టు పక్కన. అక్కడ యంత్రం పలుచగా, రేకు పొట్లం పలికినట్టే పలికింది. వదిలేద్దామనుకొనే తవ్వితే, అంచులు అలలుగా ఉన్న పది పైసల అల్యూమినియం బిళ్ల. అల్యూమినియం నాణెం, రేకు దాదాపు ఒకేలా పలుకుతాయి కాబట్టి ఆ గట్టు పక్కన ప్రతి బలహీనమైన కూతనూ తవ్వవలసి వచ్చింది. ఆరు పలకల మూడు పైసలు, నలుచదరపు ఐదు పైసలు, తామర పువ్వున్న ఇత్తడి ఇరవై పైసలు, అన్నీ 2011 జూన్ 30 నుంచి చెల్లకుండా పోయినవే. చివర్న ఉర్దూ అక్షరాలున్న నిజాం కాలపు రాగి బిళ్ల ఒకటి. తాత దాన్ని బొటనవేలితో రుద్ది, "హాలీ పైస" అని పొలం యజమానికి అందించాడు.

మరునాడు ఆ ఒక్క బిళ్ల సంగతి కలెక్టరుకు తెలియజేస్తూ కాగితం మీద రాసి ఇవ్వబోతే, తీసుకున్న గుమాస్తా అది బంగారమా అని అడిగి, కాదనేసరికి దాన్ని ఏ ఫైలులో పెట్టాలో తెలియక అటూ ఇటూ తిరిగాడు. రసీదు కోసం మధ్యాహ్నం దాకా బయట బల్ల మీద కూర్చున్నాను. ఆ సాయంత్రమే వాన పడింది, పొలంలో పత్తి గింజలు పెట్టేశారు. మండువ గట్టుకు దిగువనున్న సగం ఇంకా చూడనేలేదు. పత్తికట్టె పీకేదాకా అటు పోవడానికి వీల్లేదు కనుక, ఈలోగా చుట్టుపక్కల ఊళ్లలో కల్లు మండువలు ఎక్కడెక్కడ ఉండేవో అడిగి రాసుకుంటున్నాను.