అడుగు కాదు, నడక చూడాలి

టొరంటో చుట్టుపక్కల ఉద్యోగాలు చేసేవాళ్లకు డిసెంబరు, జనవరి నెలల్లో సూర్యుడు కనిపించేది శని, ఆదివారాల్లోనే. పొద్దున ఏడు ముప్పావుకు గాని తెల్లవారదు. సాయంత్రం నాలుగున్నర దాటేసరికి పొద్దు గూకుతుంది. బ్రాంప్టన్ గోదాముల్లో షిఫ్టులు చేసేవాళ్లయినా, మిస్సిసాగాలో కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లయినా చీకట్లో పనికి వెళ్లి చీకట్లోనే ఇల్లు చేరతారు. దాంతో కొత్తగా వచ్చిన మనవాళ్లు చాలామంది చలికాలమంటే తలుపులు వేసుకుని కూర్చునే కాలమనే అనుకుంటారు. నిజానికి ఈ దేశపు అడవి తన సంగతులు విప్పి చెప్పేది ఆ కాలంలోనే. వేసవిలో దట్టమైన ఆకుల వెనక ఏ జంతువు తిరిగిందో తెలియదు. మంచు పడ్డాక రాత్రి ఏది ఎటు వెళ్లిందో, ఎక్కడ ఆగిందో, ఏం తిన్నదో అంతా రాసి ఉంటుంది.

నల్లమలలో అటవీశాఖ దారుల మీద మెత్తటి మట్టి పరిచి పులి అడుగులు పట్టుకుంటుంది. ఆ అడుగులను చదవడంలో చెంచులది అందెవేసిన చెయ్యి. మెత్తటి మట్టి పరిచే పని ఇక్కడ మంచే చేసిపెడుతుంది, అదీ అడవంతటా.

నేర్చుకోవడానికి అల్గాంక్విన్ పార్కు మంచి చోటు. టొరంటోకు ఉత్తరంగా సుమారు 270 కిలోమీటర్లు, కారులో మూడు గంటలు. 1893లో ఏర్పడిన ఈ పార్కు విస్తీర్ణం 7,600 చదరపు కిలోమీటర్ల పైమాటే. దక్షిణ భాగంలోంచి హైవే 60 దాదాపు 56 కిలోమీటర్లు సాగుతుంది. పడమటి గేటు నుంచి లెక్కించిన కిలోమీటరు గుర్తులను బట్టి ఏ నడకదారి ఎక్కడుందో చెబుతారు. ఈ రోడ్డును చలికాలంలోనూ శుభ్రం చేస్తారు. కారుకు రోజు పర్మిట్ ఉండాలి, ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవడం మేలు.

ఎప్పుడు వెళ్లాలన్నది సెలవును బట్టి కాదు, మంచును బట్టి తేల్చుకోవాలి. గట్టిపడిన పాత మంచు మీద మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల కొత్త మంచు పడి, ఒక రాత్రి గడిచిన మర్నాడు అన్నిటికన్నా మంచిది. మంచు కురిసిన రోజునే వెళ్తే జంతువులు ఇంకా కదిలి ఉండవు. మూడు రోజులు దాటితే జాడ మీద జాడ పడి గజిబిజి అవుతుంది, గాలి సగం పూడ్చేస్తుంది. మోకాలి లోతు పొడి మంచులో పడ్డ అడుగులు గుంటలుగానే మిగులుతాయి, వేళ్లూ గోళ్లూ తెలియవు. చివరి మంచు ఎప్పుడు ఆగిందో వాతావరణ సమాచారంలో చూసి రాసుకోండి. దాని మీద పడ్డ జాడ ఏదైనా ఆ గంట తరవాతిదే.

కొత్తవాళ్లు మొదట చేసే పొరపాటు ఒక్క అడుగు ముందు మోకాళ్ల మీద కూర్చుని వేళ్లు లెక్కపెట్టడం. ముందు నిలబడి చూడండి, పదిహేను ఇరవై అడుగుల దూరం. ఒక్కొక్క అడుగును అచ్చు అందాం, అచ్చుల వరుసను జాడ అందాం. అచ్చు మోసం చేస్తుంది, జాడ చెయ్యదు. ఆ అడవిలో కనిపించే జాడలు చాలావరకు నాలుగు రకాలు: ఒంటి వరుస, జంటలు, నాలుగేసి అచ్చుల గుంపులు, ఈడ్చుకుంటూ పోయిన కాలువ. ఈ నాలుగింటిలో ఏదో తేల్చాకే వంగి కొలతలు తీయాలి.

నాలుగేసి గుంపులతో మొదలుపెట్టండి, ఎందుకంటే ఎక్కువగా కనిపించేవి అవే. మంచుకుందేలు గెంతేటప్పుడు ముందు కాళ్లు మొదట ఆనతాయి, వెనక కాళ్లు వాటిని దాటి ముందు పడతాయి. అంటే పెద్ద అచ్చులున్న వైపే అది వెళ్లిన దిక్కు. చాలామంది దీన్ని తిరగేసి చదివి వ్యతిరేక దిశలో వెతుకుతారు. వెనక పాదం పది సెంటీమీటర్లు దాటుతుంది, వేళ్లు విప్పితే విసనకర్రలా పరుచుకుంటుంది. ముందు పాదాలు చిన్నవి, ఒకదాని వెనక ఒకటి పడతాయి. ఎర్ర ఉడతదీ ఇదే గెంతు, కానీ దాని ముందు పాదాలు పక్కపక్కన జతగా పడతాయి, గుంపు మొత్తం చిన్న చతురస్రంలా ఉంటుంది. ఇంకో తేలిక గుర్తు: ఉడత జాడ చెట్టు మొదట్లో పుట్టి చెట్టు మొదట్లో ముగుస్తుంది. కుందేలు చెట్టెక్కదు. నాలుగు పాదాలూ కలిసిపోయిన కుందేలు గుంట జానెడు పైగా ఉండేసరికి ఇదేదో పెద్ద పిల్లి జాతి అడుగని భయపడేవాళ్లున్నారు. పక్క గుంపులు రెండు మూడు చూస్తే విషయం తేలిపోతుంది.

ఒంటి వరుసలో నడిచేవాటిలో ముఖ్యమైనది ఎర్ర నక్క. ముందు కాలు పడ్డ గుంటలోనే వెనక కాలు వేస్తుంది కాబట్టి జాడ దారం పట్టి గీసినట్టు ఉంటుంది. అచ్చు ఐదారు సెంటీమీటర్లు. చలికి అరికాళ్ల మీద బొచ్చు పెరగడంతో అంచులు మసకగా ఉంటాయి. దీన్ని పెంపుడు కుక్క అచ్చుతో పొరబడొచ్చు. కానీ పెంపుడు కుక్క కడుపు నిండింది, దానికి తొందర లేదు. అటూ ఇటూ తిరుగుతుంది, గోళ్లు బాగా దిగుతాయి, వేళ్లు విడివిడిగా పరుచుకుంటాయి. నక్క అడుగు వృథా చెయ్యదు. జనవరి, ఫిబ్రవరి జత కట్టే కాలం, దాని మూత్రం వాసన ఘాటుగా చాలా దూరం తగులుతుంది.

తోడేలు అచ్చు పది సెంటీమీటర్ల వరకు ఉంటుంది, అంటే మీ అరచేతి వెడల్పు కన్నా ఎక్కువ. లోతు మంచులో గుంపు మొత్తం ఒకదాని అడుగులో ఒకటి వేస్తూ పోతుంది. చూస్తే ఒకటే వెళ్లినట్టుంటుంది. మలుపు దగ్గరో, పడిపోయిన చెట్టు దగ్గరో జాడ రెండుగా, నాలుగుగా చీలుతుంది. ఎన్ని ఉన్నాయో లెక్క తేలేది అక్కడే.

మూస్ అంటే జింక జాతిలోకెల్లా పెద్దది. దాని అచ్చు చీలిన గిట్ట, పన్నెండు సెంటీమీటర్లకు తగ్గదు. లోతు మంచులో వెనక చిన్న గిట్టల గుర్తులు కూడా పడతాయి. పొడుగు కాళ్లు కాబట్టి మంచును పెద్దగా ఈడ్చకుండా ఎత్తి వేస్తుంది, గుంటలు నిలువుగా బావుల్లా దిగుతాయి. జింకలు చాలావరకు లోతు మంచు తట్టుకోలేక చలికాలానికి పార్కు వదిలిపోతాయి. గిట్ట కనిపిస్తే ముందు మూస్‌నే తలచుకోండి.

ఒంటి వరుసలోనే మూడు వేళ్ల చిన్న అచ్చులు ఒకదాని ముందు ఒకటి దగ్గరదగ్గరగా కనిపిస్తే గ్రౌస్, మన కౌజుపిట్టకు చుట్టం. చలికాలంలో దాని వేళ్ల అంచున దువ్వెన పళ్లలాంటివి పెరుగుతాయి, అవే దాని మంచుచెప్పులు. రాత్రి మెత్తటి మంచులో దూరి పడుకుంటుంది. జాడ ఉన్నట్టుండి ఆగిపోయి, పక్కన రెక్కల విసురు మంచు మీద గీతలుగా కనిపిస్తే ఎగిరిపోయిన చోటన్న మాట. కనిపించకపోతే ఒక్క క్షణం ఆగండి, మీ కాళ్ల దగ్గరే ఉండొచ్చు.

జంటలుగా గెంతేవి మార్టెన్, ఫిషర్, చిన్న వీజిల్, ముంగిసలా సన్నగా పొడుగ్గా ఉండే వేటజంతువులు. మూడింటిదీ ఒకే గెంతు: రెండు అచ్చులు కాస్త ఏటవాలుగా, మళ్లీ ఖాళీ, మళ్లీ రెండు. తేడా పరిమాణంలోనే. వీజిల్ జంట వెడల్పు రెండు మూడు వేళ్లంత, మధ్యలో మంచు కింద దూరి ఇంకోచోట తేలుతుంది. మార్టెన్‌ది బెత్తెడు, ఫిషర్‌ది అంతకన్నా పెద్దది. నీటికుక్క కూడా ఈ కుటుంబానిదే, కానీ రెండు మూడు గెంతులు వేసి పొట్ట మీద జారుతుంది. జానెడు వెడల్పు నున్నటి కాలువ కనిపిస్తే అదే. అది నీళ్లలోకి దిగిన చోట మంచుగడ్డ పలచగా ఉంటుంది, మీరు దగ్గరికి పోకూడదు.

నడుస్తూనే పొట్టతో, ముళ్లతో మంచును ఈడ్చి కాలువ చేసేది ఏదుపంది. పాదాలు లోపలికి తిరిగి ఉంటాయి. ఆ కాలువ దాని గుహ నుంచి హెమ్లాక్ చెట్టుకు, చెట్టు నుంచి గుహకు రోజూ ఒకటే దారి.

ఎలుగుబంటి గురించి అడగనివాళ్లు ఉండరు. నడిచలికాలంలో నల్ల ఎలుగు గుహలో నిద్రపోతూ ఉంటుంది, దాని జాడ చాలా అరుదు.

ఇక కొలతలు. ఎండ తగిలిన అచ్చు కరిగి వెడల్పవుతుంది, నక్క తోడేలవుతుంది. అందుకే చెట్టు నీడలో ఉన్న అచ్చులు వెతికి కనీసం మూడింటిని కొలవాలి. పైన విరిగిన అంచు కాదు, అడుగున పాదం ఆనిన మేరకే. తరవాత అంగ, అంటే ఒక అచ్చు నుంచి తరవాతి అచ్చుకు దూరం. ఆపైన జాడ వెడల్పు. ఫొటో సరిగ్గా పైనుంచి తీయండి, పక్కన స్కేలు పెట్టండి. చేతి తొడుగు పెట్టి తీసిన ఫొటో ఎవరికీ పనికిరాదు, తొడుగు కొలత ఎవరికి తెలుసు? మధ్యాహ్నం కన్నా ఉదయం, సాయంత్రం వాలు వెలుగులో గుంటల్లో నీడ పడి వివరం కనిపిస్తుంది. మంచు బూడిదరంగులో వస్తుంటే ఫోన్ కెమెరాలో వెలుగు కాస్త పెంచండి.

జాడ ఎంత పాతదో తెలుసుకోవడానికి ఒక పుల్ల చాలు. పాదం తొక్కగానే మంచు రేణువులు నలిగి, కొన్ని గంటల్లో ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయి. అచ్చు అంచును పుల్లతో కదపండి. చుట్టూ ఉన్న మంచులాగే పొడిపొడిగా రాలితే తాజా. గట్టిగా ముద్దలా లేస్తే రాత్రిదో, నిన్నటిదో. జాడ తాజాదై, అది గిట్టది కూడా అయితే వెనక్కి తగ్గండి. మూస్ చెవులు వెనక్కి వాల్చి, మెడ మీద రోమాలు లేపితే మీదికి రాబోతోందని అర్థం. పరిగెత్తి పెద్ద చెట్టు చాటుకు పోవాలి.

జాడ పట్టుకుని ముందుకు కాదు, వెనక్కి వెళ్లండి. ముందుకు వెళ్తే జంతువును తరిమినట్టే. చలికాలంలో అనవసరంగా పరిగెత్తించడమంటే దాని ఒంట్లో దాచుకున్న కొవ్వును మనం ఖర్చు పెట్టించడం. వెనక్కి వెళ్తే అది పడుకున్న చోటు, తిన్న చోటు అన్నీ కనిపిస్తాయి. కొమ్మ చివర కత్తితో ఏటవాలుగా కోసినట్టుంటే కుందేలు. పీచు లేచి చిరిగినట్టుంటే మూస్, దానికి పైదవడ ముందు పళ్లుండవు, పట్టి లాగి తెంపుతుంది.

ఈ పనికి ఒళ్లు సిద్ధంగా ఉండాలి. బస్టాపులో నిలబడటానికి కొన్న బరువైన పార్కా, అంటే టోపీ ఉన్న మందపాటి కోటు, నడకకు పనికిరాదు. పది నిమిషాల్లో చెమట పడుతుంది, జాడ దగ్గర ఆగగానే ఆ చెమటే గడ్డకట్టిస్తుంది. నూలు బట్టలు అసలు వద్దు, లోపల ఉన్ని లేదా పాలియెస్టర్ థర్మల్, మీద ఫ్లీస్, పైన గాలి ఆపే పలచటి జాకెట్. బయలుదేరేటప్పుడు కాస్త చలి వేయాలి, అదే సరైన కొలత. పార్కా సంచిలో ఉంచుకుని, ఆగినప్పుడు వేసుకోండి. గోదాములో వేసుకునే ఉక్కు ముక్కు సేఫ్టీ షూలు వద్దు, ఉక్కు వేళ్ల వేడిని లాగేస్తుంది. రెండు జతల సాక్సులు బిగించినా అంతే, రక్తం ఆడదు. అణిగిన దారికి షూ కింద తొడిగే మైక్రోస్పైక్స్ చాలు. పాదం జానెడు దిగుతుంటే స్నోషూలు కావాలి.

విండ్‌చిల్, అంటే గాలితో కలిపి ఒంటికి తగిలే చలి, మైనస్ 28 దాటితే బయటికున్న చర్మం పది నుంచి ముప్పై నిమిషాల్లో గడ్డకట్టవచ్చని ఇక్కడి ప్రభుత్వ వాతావరణ శాఖ ఎన్విరాన్‌మెంట్ కెనడా చెబుతుంది. గడ్డకట్టిన చర్మం తెల్లబడుతుందని పుస్తకాల్లో రాస్తారు. మన చామనఛాయ ఒంటి మీద అది బూడిద పూసినట్టు, మైనంలా కనిపిస్తుంది. రంగు కన్నా మొద్దుబారడాన్ని నమ్మండి. మంచుతో రుద్దకూడదు, వేళ్లను చంకలో పెట్టుకుని వెచ్చబరచాలి.

పులిహోర పెట్టుకెళ్తే మెతుకు మెతుకు రాయవుతుంది, నెయ్యి పేరుకుని సున్నుండ కూడా అంతే. చపాతీ చుట్టలు లోపలి జేబులో, ఖర్జూరాలు, వేయించిన పల్లీలు, థర్మాసులో మిరియాల చారు బాగా పనిచేస్తాయి. నీళ్ల సీసాను తలకిందులుగా పెట్టండి, గడ్డకట్టడం పైనుంచే మొదలవుతుంది కాబట్టి మూత దగ్గర తెరిచి ఉంటుంది. ఫోనూ లోపలి జేబులోనే, చలికి బ్యాటరీ ఉన్నట్టుండి చచ్చిపోతుంది. పైగా పార్కులో సిగ్నల్ లేని చోట్లు చాలా ఉన్నాయి.

మొదటిసారి 42.5వ కిలోమీటరు దగ్గర స్ప్రూస్ బాగ్ దారి ఎంచుకోండి. ఒకటిన్నర కిలోమీటరే, చదును నేల, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలూ నడవగలరు. జాడలు చూస్తూ పోతే గంటకు ఒక కిలోమీటరు మించదు. 43వ కిలోమీటరు దగ్గర విజిటర్ సెంటర్ ఉంది, వెళ్లేముందు పనివేళలు చూసుకోండి. స్కీ కోసం చదును చేసిన దారుల్లో నడవకూడదు, సరస్సుల మీదికి దిగొద్దు. మధ్యాహ్నం రెండింటికి ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. శుక్రవారం రాత్రి షిఫ్టు చేసి నిద్రలేకుండా తెల్లవారుజామునే హైవే ఎక్కకండి. మసక వెలుతురులో మూస్‌లు రోడ్డు మీదికి వస్తాయి, వాటి ఒళ్లు హెడ్‌లైట్ల ఎత్తు కన్నా పైన ఉండటంతో ఆఖరి క్షణం దాకా కనిపించదు. అద్దె కారయితే చలికాలపు టైర్లు ఉన్నాయా అని ముందే అడగండి. ఒంటారియోలో అవి చట్టప్రకారం తప్పనిసరి కాదు కాబట్టి అడగకపోతే రాకపోవచ్చు.

ఇంటికొచ్చాక చిన్న పుస్తకంలో ఆ రోజు తేదీ, ఉష్ణోగ్రత, చివరి మంచు పడ్డ గంట, కిలోమీటరు గుర్తు, మూడు అచ్చుల కొలత, అంగ, జాడ వెడల్పు రాసిపెట్టండి. జంతువు పేరు పెన్సిలుతో రాయండి. రెండోసారి అదే చోటికి వెళ్లినప్పుడు సగం పేర్లు చెరిపి రాయాల్సి వస్తుంది.