అమ్మతో హనోయ్‌లో నడక

వియత్నాం ప్రయాణం ఈ-వీసాతో మొదలవుతుంది. ఒక్కసారి వెళ్ళి రావడానికి మనిషికి 25 డాలర్లు. అమ్మదీ నాదీ నేనే అప్లై చేశాను. పొడుగు ఇంటిపేర్లు, రెండు మూడు మాటల పేర్లు ఉన్న మనవాళ్ళకి అసలు టెన్షన్ ఆ ఫారంలోనే. పాస్‌పోర్టులో ఏది ఏ గడిలో ఉందో అలాగే నింపి, వీసా రాగానే ప్రింటు తీసి అక్షరం అక్షరం సరిచూశాను. ఏ ఎయిర్‌పోర్టులో దిగేదీ ముందే చెప్పాలి. మాది హనోయ్ నోయ్ బాయ్. ఇమిగ్రేషన్‌లో పాస్‌పోర్టు, ఆ కాగితం చూసి పంపించేశారు.

ఎయిర్‌పోర్టు ఊరికి దాదాపు 30 కిలోమీటర్లు. బయటికి రాగానే టాక్సీవాళ్ళు చుట్టుముట్టారు. మేం వద్దని తలూపి, 86 నంబరు బస్సు ఎక్కాం. నారింజ రంగులో ఉంటుంది, పాత బస్తీ మీదుగా రైల్వే స్టేషన్‌కి పోతుంది. టికెట్ 45 వేల డాంగ్‌లు, మన డబ్బుల్లో నూటయాభై రూపాయలంత. అక్కడ 20 వేల నోటూ నీలమే, 5 లక్షల నోటూ నీలమే, రెండింటి మీదా హో చి మిన్ బొమ్మే. అమ్మ బస్సులోనే పెద్ద నోట్లన్నీ తీసి కళ్ళజోడు పెట్టెలో దాచేసింది. పర్సులో చిల్లర నోట్లే మిగిలాయి. వెళ్ళేవాళ్ళందరికీ ఇప్పుడు నేను ఆ పద్ధతే చెబుతున్నాను.

అసలు కష్టం పాత బస్తీలో బస్సు దిగాక మొదలైంది. హోటల్ రోడ్డుకి అవతల. మధ్యలో తెంపు లేకుండా పోయే మోటార్‌సైకిళ్ళు. సిగ్నల్ లేదు. జీబ్రా గీతలున్నా వాటికోసం ఎవరూ ఆగడం లేదు. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఫుట్‌పాత్ అంచున నిలబడిపోయింది. అంతలో కావడి భుజాన వేసుకుని పళ్ళమ్ముకునే ఒకావిడ మా పక్కనుంచే రోడ్డు మీదికి దిగింది. పరుగెత్తలేదు, ఆగలేదు, వెనక్కి అడుగు వెయ్యలేదు. బళ్ళే ఆమెకి ముందునుంచీ వెనకనుంచీ తప్పుకుని పోయాయి.

"ఆవిడ వెనకాలే పదవే," అంది అమ్మ. వెళ్ళిపోయాం.

కిటుకు అదే. నడక వేగం మార్చకూడదు. మనం ఎక్కడికి చేరతామో బండివాడు ముందే లెక్క వేసుకుంటాడు, భయపడి టక్కున ఆగితేనే ఆ లెక్క తప్పుతుంది. అయితే కార్లకీ బస్సులకీ ఈ సూత్రం పనిచెయ్యదు, అవి వెళ్ళేదాకా ఆగాల్సిందే. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా హోఆన్ కియెమ్ చెరువు చుట్టూ బళ్ళు రానివ్వరు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు వారాంతానికి చేరేలా చూసుకుంటే మంచిది. అమ్మ ఎర్ర చెక్క వంతెన మీదుగా చెరువులోని గుడికి ఏ భయం లేకుండా నడిచింది.

పాత బస్తీలో వీధికో సరుకు. హాంగ్ బాక్ వెండికి పేరు. హాంగ్ మాలో పోయినవాళ్ళ కోసం కాల్చే కాగితం సామాన్లు అమ్ముతారు: చొక్కాలు, చెప్పులు, ఫోన్లు, కట్టలకొద్దీ నోట్లు. అమ్మ ఆ కొట్టు ముందు చాలాసేపు నిలబడింది. నాన్న తద్దినానికి మనం పెట్టే పంచెల చాపు లాంటిదే కదా ఇదీ అంది.

అమ్మ శాకాహారి, అందుకే తిండి గురించి బెంగపడ్డాను. అక్కడ కూరగాయల వంటకంలోనూ చేపల సాస్ పడుతుంది. 'మాంసం, చేపల సాస్ వద్దు' అని వాళ్ళ భాషలో ఫోన్‌లో రాసి ముందే చూపించేవాళ్ళం. పౌర్ణమికీ చాంద్రమాన నెల మొదటి రోజుకీ మాంసం మానేసే బౌద్ధులు చాలామంది కాబట్టి శాకాహార హోటళ్ళు వెతికితే దొరుకుతాయి. టోఫు, పుట్టగొడుగులు వేసిన ఫో సూప్ అమ్మకి బాగా నచ్చింది.

ఒక పొద్దున్న ఎర్ర నది మీది లాంగ్ బియెన్ వంతెనకి వెళ్ళాం. ఫ్రెంచివాళ్ళు 1902లో పూర్తిచేసిన ఇనుప వంతెన, మధ్యలో రైలు పట్టాలు, అటూ ఇటూ మోటార్‌సైకిళ్ళు. యుద్ధంలో అమెరికా బాంబులకి దెబ్బతిన్న చోట్ల ఇనుప కమాన్లు లేకుండానే బాగుచేశారు. అమ్మ పుట్టి పెరిగింది రాజమండ్రిలో. 1900లో రైళ్ళు మొదలైన హేవలాక్ వంతెన మీదుగా చిన్నప్పుడు మద్రాసు మెయిల్‌లో పోతూ గోదావరిలో పైసలు వేసిన మనిషి. సగం దూరం నడిచి కమ్మీ పట్టుకుని కిందికి చూసి, "నీళ్ళు మన గోదారి రంగే, వంతెన మాత్రం మనదే పొడుగు," అంది.