వాణీ విహార్‌లో నాకు స్నేహితులు ఎలా దొరికారు

మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారుకెళ్తే ఎదుటివాళ్లు ఏది మొదలుపెడితే అది. డిగ్రీ కూడా ఊళ్లోనే, 1896 నాటి మా గజపతి కాలేజీలోనే అయిపోయింది కాబట్టి స్నేహితుల్ని కొత్తగా చేసుకోవాల్సిన పని నాకెప్పుడూ పడలేదు. పీజీకి భువనేశ్వర్‌లోని ఉత్కళ విశ్వవిద్యాలయంలో ఆంత్రోపాలజీ (మానవశాస్త్రం) సీటు వచ్చాక పడింది. మా వైపు నుంచి వెళ్లే పిల్లలు ఏటా అడుగుతుంటారు, అక్కా, అక్కడ ఎవరితోనైనా కలవగలమా అని. అందుకే నాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అడ్మిషన్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. సామ్స్ అనే ఒడిశా ప్రభుత్వ అడ్మిషన్ల పోర్టల్లో ఫారం, సీపెట్ అనే పీజీ ఉమ్మడి ప్రవేశ పరీక్ష, ర్యాంకును బట్టి సీటు, సర్టిఫికెట్ల వెరిఫికేషన్, హాస్టల్‌కి వేరే దరఖాస్తు. ర్యాగింగ్‌కి దూరంగా ఉంటామని మనమూ అమ్మానాన్నలూ ఆన్‌లైన్‌లో హామీ ఇవ్వాలి. యూజీసీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ నంబరు 1800-180-5522, ఫోన్లో పెట్టుకోండి (నాకు అవసరం రాలేదు, అయినా అమ్మ కాగితం మీద రాసి నా పెట్టెలో పెట్టింది). ఇవన్నీ ఎవరైనా చెప్తారు. క్లాసులు అయిపోయాక సాయంత్రం నుంచి పడుకునేదాకా ఎవరితో గడపాలన్నదే ఎవరూ చెప్పరు.

మా యూనివర్సిటీ ఉండే వాణీ విహార్ క్యాంపస్ చాలా పెద్దది. కటక్, ఖుర్దా, పూరీ వైపు అమ్మాయిలు చాలామంది పాత కాలేజీల నుంచి జట్లు జట్లుగానే వచ్చారు, వాళ్ల కబుర్లు వాళ్లలో వాళ్లకే సరిపోయేవి. నేను ఒడియాలో నోరు తెరిస్తే "బరంపురం వైపా మీది?" అనేవాళ్లు, మా దక్షిణం యాస వేరు కదా. ఆంధ్రా నుంచి వచ్చిన ఒకరిద్దరేమో ఒడిశా అమ్మాయివి, తెలుగు ఎంత బాగా మాట్లాడుతున్నావో అని మెచ్చుకునేవాళ్లు. ఎవరూ చెడ్డగా అనలేదు, కానీ రెండుచోట్లా నేను చుట్టపుచూపుగా వచ్చినదాన్నే అనిపించేది. ఫోన్లో బ్యాచ్ గ్రూపు, హాస్టల్ గ్రూపు, డిపార్ట్‌మెంట్ గ్రూపు, రోజంతా మెసేజులే. మెస్‌లో పళ్లెం పట్టుకుని ఎక్కడ కూర్చోవాలా అని పడే టెన్షన్‌ని ఆ గ్రూపులేవీ తగ్గించలేదు.

మార్పు ఆదివారాలతో మొదలైంది. శనివారం మధ్యాహ్నానికల్లా దగ్గర ఊళ్లవాళ్లు బ్యాగు సర్దుకుని ఇళ్లకి వెళ్లిపోతారు, మిగిలేది మల్కన్‌గిరి, కొరాపుట్, రాయగడ, మయూర్‌భంజ్ లాంటి దూరాల వాళ్లం. వారమంతా ఒకే వరండాలో ఎదురుపడినా పలకరించుకోని మేం ఆదివారం బట్టలుతికే కొళాయి దగ్గర మాట్లాడుకోక తప్పేది కాదు, అక్కడ ఇంకెవరూ ఉండరు మరి. జయపురం అమ్మాయి సబ్బు అడిగింది. రాయగడ అమ్మాయి వాళ్లమ్మ పంపిన జంతికలు పంచింది. మయూర్‌భంజ్ నుంచి వచ్చిన సంతాలీ అమ్మాయికి కూడా నాలాగే ఒడియా ఇంటి భాష కాదని, క్లాసులో నోరు తెరిచే ముందు తనూ మనసులో వాక్యం సరిచూసుకుంటుందని అక్కడే తెలిసింది. నాకు ఎంత ఊరటగా అనిపించిందో చెప్పలేను. మొదట్లో ప్రతి శనివారం ఇంటికి పరిగెత్తకండి అని నేను అందరికీ చెప్పేది ఇందుకే. అమ్మ మాత్రం "ఏటే, ఈ వారం కూడా రావా" అని ఫోన్లో అలిగేది, గుణుపూర్ పాసింజర్ మనూరి మీదుగానే వస్తుంది కదా, ఎక్కి వచ్చెయ్యడమే కదా అని ఆవిడ బాధ.

ఆ జట్టుతోనే కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున బిందుసాగర్‌కి వెళ్లాం. అక్కడ చిన్న పడవలు చేసి దీపం పెట్టి నీళ్లలో వదులుతారు, పాతరోజుల్లో బాలి, జావా వైపు వర్తకానికి ఓడలెక్కి వెళ్లినవాళ్ల గుర్తుగా. మా ఇంట్లో శివుడి పేరు చెప్పి అరటి దొప్పలో దీపం వదులుతాం. నేను దొప్ప మడుస్తుంటే ముగ్గురూ చుట్టూ చేరి నేర్చుకున్నారు. సాయంత్రం కటక్‌లో మహానది ఒడ్డున బాలి జాత్ర, ఆ జనంలో తప్పిపోకుండా ఒకరి చున్నీ ఒకరు పట్టుకుని దహీబరా ఆలూదమ్ తిన్నాం.

క్లాసులో మాత్రం జయపురం అమ్మాయితో తప్ప చాలాకాలం ఎవరితోనూ కలవలేదు. ఒకరోజు మా వైపు కొండల్లో ఉండే సవర గిరిజనుల గురించి పాఠం జరుగుతోంది. సవర భాషకి వ్యాకరణం, నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి గారు మా పర్లాకిమిడిలోనే పంతులుగా పని చేశారని, 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి మా ఊరు ఇటు వచ్చినప్పుడు ఆయన ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారని లేచి చెప్పాను. మేడమ్ ఇంకా చెప్పమన్నారు. క్లాసయ్యాక కటక్ అమ్మాయి ఒకామె నా వెనకే వచ్చింది, మీ సంతకి సవరలు వస్తారా, ఏం తెస్తారు, మీరు ఏ భాషలో బేరమాడతారు అని ప్రశ్నల మీద ప్రశ్నలు. మాట్లాడుకుంటూ పరీజా లైబ్రరీ దాకా నడిచాం, ఆ తర్వాత రోజూ అక్కడ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం అలవాటైంది. ఊరి సంగతి దాచుకుని అందరిలా కనబడాలని చూసే పిల్లల్ని ఇప్పటికీ చూస్తుంటాను, నాకు బాధేస్తుంది. మీ ఊరి గురించే అడగాలనుకునేవాళ్లు అక్కడ ఉన్నారు.

హాస్టల్ సరస్వతీ పూజకి చందా వసూలు చేసే పని అడిగి తీసుకోండి. గది గదికీ వెళ్లాలి కాబట్టి అందరి పేర్లూ తెలిసిపోతాయి.

ఇక ఫీల్డ్‌వర్క్. మా సబ్జెక్టులో అది తప్పనిసరి, బ్యాచ్ అంతా ఒక పల్లెలో ఉండి ఇంటింటికీ తిరిగి కుటుంబాల వివరాలు, వంశవృక్షాలు రాసుకోవాలి. మమ్మల్ని గజపతి జిల్లాకే, గుమ్మా బ్లాకులో ఒక సవర పల్లెకి తీసుకెళ్లారు. బడి గదుల్లో పడక, వంట వంతులవారీగా మేమే. గోడల మీది ఇడితాల్ బొమ్మలు చూసి అందరూ ఫోన్లు తీస్తుంటే, ముందు ఇంటి పెద్దని అడగండి, అవి పూజ కోసం వేసినవి అని చెప్పాను, ఆగారు. అక్కడే మేం గట్టిగా పోట్లాడుకున్నాం కూడా. నీళ్లు మోసే వంతు ఎవరిదన్న దగ్గర మొదలై మీ కటక్ వాళ్లు, మా కొండల వాళ్లు అనేదాకా వెళ్లింది, ఆ రాత్రి ఎవరూ సరిగ్గా తినలేదు. మర్నాడు జయపురం అమ్మాయికి జ్వరం వస్తే కటక్ అమ్మాయే తడిగుడ్డ వేస్తూ పక్కన కూర్చుంది, జ్వరం వచ్చినామె వంతు వంట నేను చేశాను, ఆమె సర్వే మిగతావాళ్లు పంచుకున్నారు. తిరుగు ప్రయాణంలో బస్సులో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో ఎవరూ పట్టించుకోలేదు.

మొన్న దసరాకి కటక్ అమ్మాయి మా ఇంటికొచ్చింది. అమ్మ ఒడియా, ఆమె కొత్త తెలుగు, ఇద్దరూ వంటింట్లో గంటలకొద్దీ మాట్లాడుకున్నారు. ఆటోలో పాతపట్నం తీసుకెళ్లి నీలమణి దుర్గమ్మ గుడి చూపించాను, ఇంకో రాష్ట్రం ఇంత దగ్గరా అని ఆశ్చర్యపోయింది. సంక్రాంతికి మిగతా ముగ్గురినీ తీసుకొస్తానంది, టికెట్లు తీసేశాం.