రైఫిల్ సైట్ తిప్పే ముందు వేలు చూసుకోండి

ఫైరింగ్ టెస్ట్ ఇంకా మూడు వారాలు ఉందనగా మొన్న ఒక రోజంతా రేంజ్‌లో గడిపి వచ్చాను. రైఫిల్ పట్టి నాలుగేళ్లు దాటింది. రాత పరీక్ష ఎలాగో గట్టెక్కింది, ఇక ఫైరింగ్ ఎంతసేపు, పాత అలవాటే కదా, చేతిలోకి తీసుకుంటే అదే వస్తుంది అనుకుని వెళ్లాను. రాలేదు. మీలో కూడా ఒకప్పుడు బాగా కొట్టి మధ్యలో వదిలేసినవాళ్లు ఉంటారు, ఇది ముఖ్యంగా వాళ్ల కోసం. కొత్తగా నేర్చుకునేవాళ్లు కోచ్ చెప్పింది చెప్పినట్టు చేస్తారు, వాళ్లకి పెద్ద ఇబ్బంది లేదు. పాత స్కోర్లు గుర్తున్న మనలాంటివాళ్లకే ఎవరి మాటా చెవికెక్కదు.

మొదలే బాగోలేదు. మొదటి రౌండ్ (తూటా) పెట్టి బోల్ట్ మూస్తుంటే నా వేలు అప్పటికే ట్రిగ్గర్ మీద ఉంది. నాకు తెలియనే తెలియదు. వెనక నుంచి కోచ్ గట్టిగా అరిచారు, "వేలు బయట!" అని. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ గార్డ్ బయటే ఉండాలన్నది అందరికీ కంఠతా వచ్చిన రూలే. కంఠతా రావడం వేరు, వేలికి రావడం వేరు. టెస్ట్‌లో ఇదే జరిగి ఉంటే స్కోరు లెక్క దాకా వెళ్లనిచ్చేవారు కాదు.

సరే, లైయింగ్ (పడుకుని కాల్చే) పొజిషన్, 50 మీటర్లు, పాయింట్ 22 రైఫిల్, ఐదు రౌండ్లు. గ్రూపు, అంటే ఆ ఐదూ పడ్డ చోట్ల మధ్య వెడల్పు, 9 సెంటీమీటర్ల పైనే వచ్చింది, అదీ మధ్యలో కాదు, ఎడమ పక్కకి కిందికి జారిపోయింది. ఒక్కసారి పోల్చుకోండి, అంతర్జాతీయ పోటీల్లో వాడే 50 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది రింగు (పది పాయింట్లిచ్చే నడిమి వలయం) వ్యాసం 10.4 మిల్లీమీటర్లు మాత్రమే. నేనేం చేశాను? ఇన్నేళ్లలో ఎవరో సైట్ (గురి చూసే భాగం) కదిపేసి ఉంటారని తీర్మానించేసి, పైకి 12 క్లిక్కులు, కుడికి 8 క్లిక్కులు తిప్పాను. ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే. ఒక్క మంచి పని మాత్రం చేశాను, ఎన్ని తిప్పానో నోట్‌బుక్‌లో రాసుకున్నాను. అది రాసుకోకపోయి ఉంటే మిగతా రోజంతా వృథా అయ్యేది.

తర్వాతి ఐదూ ఇంకా ఘోరం. రెండు పైకి, ఒకటి పూర్తిగా ఎడమకి, మిగతావి ఎక్కడో. మళ్లీ సైట్ మీద చెయ్యి వేయబోతుంటే కోచ్ ఆపి, "రైఫిల్ ఇటివ్వు, లోడ్ నేను చేస్తాను, నువ్వు కాల్చు చాలు" అన్నారు. నాకు కనపడకుండా కొన్నిసార్లు అసలు రౌండ్, కొన్నిసార్లు పేలని డమ్మీ రౌండ్ పెట్టి ఇస్తున్నారు. మూడోసారి డమ్మీ పడింది. టక్ అని శబ్దం తప్ప ఏమీ లేదు, కానీ ఫోర్‌సైట్ (రైఫిల్ గొట్టం ముందు చివర ఉండే సైట్) మాత్రం ఎవరో లాగినట్టు ఎడమ పక్కకి కిందికి ఊగింది. అంటే పేలబోతోందని ఒళ్లు ముందే బిగుసుకుని, వేలు ట్రిగ్గర్‌ని నొక్కకుండా గుంజుతోంది. పాయింట్ 22లో భుజానికి తగిలే దెబ్బ ఎంతని! బుల్లెట్ బరువే సుమారు 2.6 గ్రాములు. అయినా ఒళ్లు అదిరింది. సిగ్గనిపించింది గానీ, నిజానికి ఆ రోజుకి అదే పెద్ద లాభం, ఎందుకంటే అసలు రౌండ్ పేలినప్పుడు ఈ ఊపు రైఫిల్ కదలికలో కలిసిపోయి మన కంటికి దొరకదు.

ఆ తర్వాత ముప్పావు గంట ఒక్క రౌండ్ కూడా కాల్చలేదు. అంతా డ్రై ప్రాక్టీసే, అంటే అసలు తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కడమే. ఇక్కడ ఒక జాగ్రత్త: పాయింట్ 22 రైఫిల్‌ని ఖాళీ చాంబర్‌తో (తూటా కూర్చునే చోటు) ఊరికే టకటకలాడించకండి, చాలా రైఫిళ్లలో ఫైరింగ్ పిన్ వెళ్లి చాంబర్ అంచుకి కొట్టుకుని ఆ అంచు దెబ్బతింటుంది. అందుకే స్నాప్ క్యాప్ (డ్రై ప్రాక్టీస్ కోసం చేసిన ఉత్తుత్తి తూటా) పెట్టుకోవాలి, లేదా మీ రైఫిల్‌కి పర్లేదో లేదో తెలిసినవాళ్లని అడగాలి. వేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద పెట్టి, నేరుగా వెనక్కి, ఎప్పుడు పడుతుందో మనకే తెలియనంత నిదానంగా నొక్కడం, పడ్డాక కూడా వేలిని అలాగే ఉంచి ఫోర్‌సైట్ ఎక్కడుందో చూడడం. నలభై సార్లు చేస్తే, చివరి పదిసార్లూ ఫోర్‌సైట్ కదల్లేదు. పక్క లేన్‌లో కుర్రాడు ఈలోగా యాభై రౌండ్లు ఖాళీ చేశాడు, కొంచెం అసూయ పుట్టిన మాట నిజమే.

మళ్లీ అసలు రౌండ్లు ఐదు కాలిస్తే గ్రూపు మూడున్నర సెంటీమీటర్లకి వచ్చింది. తమాషా ఏమిటంటే ఆ గ్రూపు మొత్తం మధ్య నుంచి నాలుగు సెంటీమీటర్లకి పైగా పైకి, మూడు సెంటీమీటర్లు కుడికి పడింది. లెక్క వేయండి. నా సైట్‌లో ఒక క్లిక్ అంటే పావు ఎంఓఏ (డిగ్రీలో అరవయ్యో వంతు కోణం ఒక ఎంఓఏ), 50 మీటర్ల దగ్గర దాదాపు 3.6 మిల్లీమీటర్లు. పన్నెండు క్లిక్కులకి 43, ఎనిమిదింటికి 29 మిల్లీమీటర్లు. అంటే పొద్దున నేను తిప్పినంతా, తిప్పిన వైపే! సైట్ మొదటి నుంచీ సరిగ్గానే ఉంది. నోట్‌బుక్ చూసి అన్నీ వెనక్కి తిప్పేశాను. అందుకే చెప్తున్నాను, గ్రూపు దగ్గరపడేదాకా సైట్ జోలికి వెళ్లకండి. చెదిరిపోయిన గ్రూపుకి మధ్య ఎక్కడో మీకే తెలియనప్పుడు దేన్ని ఎటు జరుపుతారు?

ఊపిరి సంగతి త్వరగానే తిరిగి వచ్చింది. సగం వదిలి పట్టమని కొందరంటారు, నాకైతే పూర్తిగా వదిలాక మామూలుగా వచ్చే చిన్న విరామంలోనే రైఫిల్ నిలుస్తుంది. ఎనిమిది, పది సెకన్లలో పడకపోతే చూపు మసకబారుతుంది, చేయి వణుకుతుంది, అప్పుడు దింపేసి మళ్లీ మొదలుపెట్టాలి. ఇంతసేపు పట్టుకున్నాం కదా, దింపడమెందుకని బలవంతంగా కాల్చిన ప్రతి రౌండూ ఏడులోనో ఆరులోనో ఉంది.

నేను బొత్తిగా మర్చిపోయినది ఇంకోటి. గురి పెట్టాక కళ్లు మూసుకుని, రెండుసార్లు ఊపిరి తీసి వదిలి, తెరిచి చూస్తే రైఫిల్ ఎటు చూస్తోందో అదే మీ ఒంటికి సహజమైన దిక్కు. నాది టార్గెట్‌కి కుడిగా చూస్తోంది. దాన్ని చేత్తో లాగి మధ్యకి తెస్తే ఆ క్షణానికి బాగానే ఉంటుంది, ట్రిగ్గర్ పడగానే కండరం వదిలేసి రైఫిల్ తన దారిన పోతుంది. చేత్తో లాగకుండా, ఎడమ మోచేయి కదపకుండా నడుమూ కాళ్లూ జరిపితే గురి దానంతట అదే మధ్యకి వచ్చింది. దీనికి పట్టే టైమ్ అర నిమిషం. టెస్ట్‌లో టెన్షన్‌లో అందరూ ముందు వదిలేసేది ఈ అర నిమిషమే, నేనూ వదిలేసే రకమే కాబట్టి కార్డు మీద పెద్ద అక్షరాలతో రాసుకున్నాను.

మధ్యాహ్నం నీలింగ్ (ఒక మోకాలు నేలకి ఆనించి), స్టాండింగ్ (నిలబడి). స్టాండింగ్‌లో ఫోర్‌సైట్ ఆగదు, ఆగుతుందని ఎదురుచూడకండి. మధ్యలోకి వచ్చిన క్షణాన పట్టేసుకుందామని వేలు గుంజామా, పొద్దున వదిలించుకున్న జబ్బు మళ్లీ తగులుకుంటుంది. ఊగనిచ్చి, ఆ ఊపులోనే నిదానంగా నొక్కితే ఎనిమిదులూ తొమ్మిదులూ వచ్చాయి. నీలింగ్‌లో మాత్రం ఇంకా తేలలేదు. మోచేతి మొనని మోకాటి చిప్ప మీద పెడుతున్నాను, ఎముక మీద ఎముక జారుతోంది. మొనకి కొంచెం పైన ఉండే చదును భాగాన్ని మోకాటికి ఆనించమన్నారు. అలా పెడితే నిలకడగానే ఉంది, కానీ నా కుడి మడమ ఐదు నిమిషాల్లో తిమ్మిరెక్కుతోంది.

ప్రతి షాట్ కాల్చగానే టార్గెట్ చూడకముందే ఎక్కడ పడి ఉంటుందో రాసుకోవడం కూడా మొదలుపెట్టాను. పొద్దున చెప్పినవాటిలో సగం తప్పు. సాయంత్రానికి పదిలో ఏడు సరిపోయాయి.

మొత్తం కాల్చింది 65 రౌండ్లు. ఇంకా మిగిలాయి గానీ, మెడ పట్టేసి చెంప స్టాక్ మీద ఒక్కోసారి ఒక్కోచోట ఆనుతోందని తెలిసి ఆపేశాను. చివరి లైయింగ్ గ్రూపు 28 మిల్లీమీటర్లు. చేతులు సబ్బుతో కడుక్కోవడం మర్చిపోకండి, సీసం అంటుకుంటుంది.

ఈ మూడు వారాల్లో ఇంకోసారే రేంజ్ దొరుకుతుంది. కోచ్ ఒప్పుకుని రైఫిల్ చేతికిస్తున్నారు కాబట్టి, రేంజ్ లేని రోజుల్లో ఆయన ముందే రోజుకి ఇరవై నిమిషాలు డ్రై ప్రాక్టీస్, అందులో సగం నీలింగ్‌కే. గదిలో ఎక్కడా రౌండ్లు లేవని ముందు ఇద్దరం చూసుకుంటున్నాం. నీలింగ్‌లో మడమ తిమ్మిరికి పాదం కింద రోల్ (చిన్న దిండు లాంటిది) పెట్టుకునేవాళ్లు ఎవరైనా ఉంటే, ఎంత మందం పెడుతున్నారో చెప్పండి.